గొట్టములలో గార

పల్నాటి గృహిణులకు ఒక సంగతిని వేరొకరు చెప్పవలసిన పనిలేదు. స్నానమునకు నీళ్లు కాచుకొను కాగు కొత్తలో ఎంత తళతళలాడినను, కొన్ని నెలలు గడచునప్పటికి దాని లోపలి వైపున తెల్లని గార పట్టును. మొదట బూడిద చల్లినట్లు పలుచగా నుండి, పిమ్మట గుడ్డుపెంకువలె గట్టిపడి, తుదకు పెచ్చులు పెచ్చులుగా పేరుకొనును. గోటితో గీచిన రాదు. కొబ్బరిపీచుతో తోమిన పోదు.

పల్నాడు సున్నపురాతి సీమ. మాచర్ల నాపరాళ్లు పరచిన ఇండ్లు తెలుగుదేశమున ఎన్నియో కలవు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పేరు వినని తాపీమేస్త్రి యుండడు. ఈ రాతిపొరలలోనుండి ఊరి బావులలో చేరు నీరు, బొగ్గుపులుసు వాయువు సాయముతో కొంత సున్నమును తనలో కరగించుకొని వచ్చును. ఆ నీటిని కాచినప్పుడు బొగ్గుపులుసు వాయువు పైకి లేచిపోవును. దానిని నమ్ముకొని కరగియున్న సున్నము దిక్కులేనిదై పాత్ర గోడను పట్టుకొనును. చక్కెర వేడినీటిలో ఎక్కువ కరగును. ఈ సున్నము వేడినీటిలో తక్కువ కరగును. అందుచేతనే పాత్రలో వేడి ఎక్కడ ఎక్కువో అక్కడనే గారయు ఎక్కువ. ఈ ఒక్క మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. ఇక్కడికి నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, విశాఖపట్టణపు చమురుశుద్ధి కర్మాగారములో పట్టు నల్లని గార సంగతి చెప్పునప్పుడు ఈ మాటయే మరల అక్కరకు వచ్చును.

గుంటూరు మాచర్ల మార్గమున మీటరుగేజి పొగబండ్లు నడచిన కాలములో ఇంజను బాయిలరులకును ఇదే బాధ. బాయిలరు కడుపులో వరుసగా అమర్చిన గొట్టములమీద నీటిలోని సున్నము పేరుకొనును. దానిని నియమిత దినములలో చల్లార్చి, లోపల కడిగి, గార గీకినగాని మరల పనికి పంపెడివారు కారు. నీరు గట్టిదైనకొలది ఈ చాకిరి అధికము.

అయితే ఇంటి కాగును గూర్చి ఒక నిజము చెప్పవలెను. నీళ్లు ఆలస్యముగా కాగినచో గారను తిట్టుట మన యిండ్లలో అలవాటు. ఆ తిట్టులో న్యాయము కొద్దిపాటిదే. మంటకును పాత్రకును నడుమ గాలిపొర యొకటి యుండును. వేడిని అడ్డగించుటలో ఆ గాలిపొరదే పెద్దపాలు. లోపలి గార దానికి తోడగు చిన్నదొంగ మాత్రమే. కాని గోడకు ఇరువైపుల ద్రవములే ప్రవహించునప్పుడు, గాలివంటి పెద్ద అడ్డు ఏదియు లేనప్పుడు, ఆ చిన్నదొంగయే యింటి యజమాని యగును. శుద్ధి కర్మాగారములో జరుగునది సరిగా అదియే.

ఉష్ణమును ఒక దానినుండి వేరొకదానికి మార్చు ఉపాయమును కన్నులార చూడదలచినవారు మాచర్లకో దాచేపల్లి వైపునకో పోయి సిమెంటు కర్మాగారముల యెదుట నిలువబడిన చాలును. మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము 1958లో వెలసినది. నేటి సిమెంటు కర్మాగారములలో ఆకాశమునంటు గోపురము వంటి కట్టడము కనిపించును. కొలిమినుండి వెలువడు వాయువులు, రమారమి 1000 డిగ్రీల వేడితో ఆ గోపురములో క్రిందినుండి పైకి పోవుచుండగా, సున్నపురాతి పొడి పైనుండి క్రిందికి దిగుచుండును. దారిలో నొకదానికొకటి ఎదురుపడి, పొడి 800 డిగ్రీల వరకు వేడెక్కును. వాయువు చల్లబడి 300 డిగ్రీల ప్రాంతమున బయటపడును. వృథాగా ఆకాశమున కలియవలసిన వేడి తిరిగి కొలిమికే చేరును. ఎంత చక్కని పొదుపు! కాని రాతిలోను, బొగ్గులోను ఉన్న క్షారములు, క్లోరైడులు, గంధక లవణములు కొలిమి వేడికి ఆవిరియై లేచి, గోపురములో కొంత చల్లని చోటు దొరకగనే జిగటగా గోడలకంటుకొనును. వానిమీద పొడి అంటుకొనును. దారి మూసికొనిపోవును. పొడుగాటి ఇనుపకమ్ములతో దానిని పొడిచి రాల్చు పనివాని కష్టమును, ఒక్కసారిగా విరిగి మీదికి దూకు కాలిన పొడివలని ప్రమాదమును ఆ ప్రాంతములవారు ఎరుగుదురు. పొదుపు ఎక్కడ ఉన్నదో గార కూడ అక్కడనే పొంచియుండును.

ఇక విశాఖపట్టణమునకు పోవుదము. అచ్చటి శుద్ధి కర్మాగారమును కాల్టెక్సు కంపెనీవారు 1957లో నెలకొల్పిరి. 1976లో కేంద్రప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియం కార్పొరేషనులో విలీనమైనది. ఆరంభమున ఏటికి ఏడు లక్షల టన్నులకు లోపుగా ముడిచమురును శుద్ధిచేసిన ఈ కర్మాగారము క్రమముగా 83 లక్షల టన్నుల స్థాయికి పెరిగినది. దానిని 150 లక్షల టన్నులకు పెంచు కార్యమును ఇటీవలి సంవత్సరములలో చేపట్టిరి. తెలుగునాట ఇది గాక కోనసీమలోని తాటిపాకలో 2001నుండి ఒక చిన్న శుద్ధిశాల కలదు గాని, పెద్దది విశాఖదే. అచ్చటినుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు భూగర్భమున పైపుమార్గము కలదు. మన పత్తిచేలలో తిరుగు ట్రాక్టరు, మిరపబస్తాలు మోయు లారీ, నరసరావుపేట బస్సు, వీనిలో పోయు డీజిలు ఎంతో కొంత అక్కడ పుట్టినదే. మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి కొని తెచ్చుకొనునది. కనుక అక్కడి గొట్టములలో పట్టు గారను గూర్చి పల్నాటిలో మాటలాడుకొనుట అసందర్భము కాదని మా అభిప్రాయము.

ముడిచమురు నల్లని కషాయము వంటిది. అందులో వంటగ్యాసు మొదలు తారు వరకు అన్నియు కలిసియుండును. వానిని వేరుచేయుటకు దానిని 350నుండి 370 డిగ్రీల వరకు వేడిచేసి, ఎత్తైన స్తంభాకారపు పాత్రలోనికి విడుతురు. అందు తేలికవి పైకి, బరువైనవి క్రిందికి చేరును. పైన నాఫ్తా, దాని క్రింద కిరసనాయిలు, దాని క్రింద డీజిలు, అడుగున మడ్డి. ఇవి యన్నియు కాలుచున్న వేడితో బయటికి వచ్చును. వానిని నిలువ చేయుటకు చల్లార్చవలెను. ఇటు టాంకులోని ముడిచమురును వేడిచేయవలెను. ఒకదానిని చల్లార్చుటకు నీటిని, రెండవదానిని వేడిచేయుటకు ఇంధనమును ఖర్చు చేయుటకంటె రెంటిని ఎదురెదురుగా నడిపించినచో సరిపోవును గదా! ఈ పనిచేయు యంత్రమునకు ఉష్ణవినిమాయకమని పేరు. కర్మాగారమున పనిచేయువారు హీట్ ఎక్స్‌ఛేంజరు అందురు.

దాని రూపము కష్టమైనది కాదు. అడ్డముగా పండుకొనబెట్టిన పెద్ద ఉక్కు పీపా. దానిలో 20 అడుగుల పొడవుగల సన్నని గొట్టములు వందల కొలది, ఒక్కొక్కప్పుడు వేయికి మించి, కట్టెలమోపువలె కట్టి యుండును. ఒక్కొక్క గొట్టము బొటనవ్రేలి లావు. గొట్టముల లోపల ఒక ద్రవము, వెలుపల వేరొక ద్రవము. రెండును కలియవు, వేడి మాత్రము గోడగుండ చేతులు మారును. ఇట్టి పీపాలు ఒకదాని తరువాత నొకటి వరుసగా నిలిచియుండును. టాంకునుండి వచ్చిన ముడిచమురు ఈ వరుసలో నడచి నడచి 250నుండి 280 డిగ్రీల వేడికి చేరును. మిగిలిన వేడిని మాత్రము కొలిమి యిచ్చును. మొత్తముమీద ముడిచమురునకు కావలసిన వేడిలో నూటికి 60నుండి 70 పాళ్లు ఈ విధముగా తిరిగివచ్చిన వేడియే.

ఇప్పుడు గార సంగతి. నీటిలో సున్నమొక్కటే నేరస్థుడు. ముడిచమురులో నేరస్థులు పలువురు. వారిలో వారికి చుట్టరికములును కలవు.

మొదటిది ఉప్పు. భూగర్భమునుండి చమురు ఒంటరిగా రాదు. దానితో ఉప్పునీరు, ఇసుక, మన్ను వచ్చును. ఉప్పు గొట్టములను పట్టును. అందులోని మెగ్నీషియం, కాల్షియం క్లోరైడులు వేడికి విడిపోయి హైడ్రోక్లోరికామ్లముగా మారి ఇనుమును తినును. తిన్న ఇనుము గంధకముతో కలిసి నల్లని పొడియై మరొకచోట పేరుకొనును. అందువలన చమురు 120నుండి 140 డిగ్రీల వేడికి రాగానే దానిలో మంచినీరు కలిపి, విద్యుచ్ఛక్తితో ఆ నీటిని మరల విడదీసి, ఉప్పును కడిగివేయుదురు. బియ్యము కడిగి వండుట వంటిదే ఈ ఏర్పాటు. ఈ కడుగుట ఒక దినము సరిగా జరుగకపోయినచో దాని ఫలితము ముందున్న గొట్టములన్నింటిలోను కొన్ని వారములపాటు కనబడును.

రెండవది ఆస్ఫాల్టీను అను బరువైన నల్లని పదార్థము. తారులోని నలుపుదనము దీనిదే. ఇది చమురులో నిజముగా కరగి యుండదు. బంకవంటి మరికొన్ని పదార్థములు చుట్టు మూగి దానిని తేలియాడునట్లు పట్టుకొని యుండును. ఆ పట్టు సడలినంతనే అది విడిపోయి అడుగుకు, గోడకు చేరును. పట్టు ఎప్పుడు సడలును? వేడి ఎక్కువైనప్పుడు ఒకటి. రెండు రకముల చమురులు పొసగనట్లు కలిపినప్పుడు రెండవది. రెండవ సంగతి విచిత్రమైనది. పాలు మంచివే, నిమ్మరసమును మంచిదే, కలిపిన విరుగును. అట్లే ఒంటరిగా ఏ గొడవయు చేయని రెండు చమురులు, కలిపినంతనే విరిగి నల్లని తరకలు కట్టవచ్చును. తేలికైన మైనపు జాతి చమురును తారుజాతి చమురులో కలుపునప్పుడు ఈ భయము మెండు. విశాఖ కర్మాగారమునకు బొంబాయి సముద్రపు చమురు వచ్చును. గల్ఫు దేశముల చమురులును వచ్చును. ఏది చవుకగా దొరికిన దానిని కొనుట వ్యాపారధర్మము. అయితే ఏ చమురును దేనితో, ఏ పాళ్లలో, ఏది ముందు ఏది వెనుకగా కలుపవలెనో పరీక్షించి తేల్చుట రసాయనశాల పని. చవుకగా కొన్న చమురు గొట్టములలో విరిగినచో ఆ చవుక ఎవరికి దక్కినట్లు?

మూడవది మన వంటయిండ్లలో నిత్యము చూచునదే, అడుగంటుట. గోడ మిక్కిలి వేడిగా నున్నచోట చమురు మాడును. మొదట మెత్తని జిగురుగా నుండు మడ్డి, వారములు నెలలు గడచినకొలది, తనలోని తేలిక పదార్థములను పోగొట్టుకొని బొగ్గువలె గట్టిపడును. పాయసము మాడిన గిన్నెను వెంటనే నానబెట్టిన సులభముగా వదలును. రెండు దినములు విడిచిన ఉలితో చెక్కవలెను. ఇందును అంతియే. మరియొక చమత్కారమున్నది. మెత్తని మడ్డి వేడిని గట్టిగా అడ్డగించును. అది బొగ్గుగా మారినకొలది వేడిని కొంత మెరుగుగా పోనిచ్చును. కనుక పాతబడిన గార కొన్నిసార్లు కొత్తదానికంటె తక్కువ హాని చేయునట్లు లెక్కలో కనబడును. కాని దానిని వదలగొట్టుట అంతకంతకు కష్టము. లెక్కలో కనబడు ఈ మెరుగును చూచి సంతోషించి ఊరకుండుట తెలివి కాదని మా తలంపు.

గార ఎంత మందమున్న ఎంత నష్టము? వట్టి మాటలతో కాక కొద్దిపాటి లెక్కతో చెప్పుదుము. ఉక్కు వేడిని పోనిచ్చు శక్తి 50 అనుకొన్నచో, ముడిచమురు మడ్డి శక్తి దాని వయస్సును బట్టి 1కిని, అయిదవ వంతుకును నడుమ నుండును. అనగా ఒక మిల్లీమీటరు మందపు మడ్డి, 5 సెంటీమీటర్లనుండి 25 సెంటీమీటర్ల మందముగల ఉక్కుగోడతో సమానము. గొట్టపు గోడ అసలు మందము రెండు మిల్లీమీటర్లకు అటునిటు. మామూలు కొలతలుగల ఒక వినిమాయకములో అర మిల్లీమీటరు మెత్తని మడ్డి పట్టినంతనే దాని సామర్థ్యము సగమునకు పడిపోవును. అర మిల్లీమీటరనగా ఎంత? గట్టి శుభలేఖ అట్టకంటె కొద్దిగా హెచ్చు.

అట్లు పడిపోయిన వేడిని ఎవరు పూరింపవలెను? కొలిమి. ఒక టన్ను ముడిచమురును ఒక్క డిగ్రీ అదనముగా వేడిచేయుటకు కొలిమిలో 70 గ్రాముల పైచిలుకు ఇంధనము కావలెను. మన పాత తూకములో ఆరు తులములు. ఆరు తులములే గదాయని శ్రోతలు పెదవి విరువవచ్చును. ఏటికి 83 లక్షల టన్నులు నడుపు కర్మాగారములో అది డిగ్రీకి 600 టన్నుల ఇంధనమగును. గార వలన కొలిమి ముంగిట చమురు పది డిగ్రీలు తక్కువ వేడితో నిలిచినదనుకొందము. ఏటికి 6,000 టన్నులు. ఆ ఇంధనము కాలి ఆకాశమున చేర్చు బొగ్గుపులుసు వాయువు దానికి దాదాపు మూడింతలు. ఇది మేము కాగితముమీద వేసిన లెక్క. ఏ ఒక్క కర్మాగారపు ఖాతాపుస్తకమునుండి తీసినది కాదు. ముప్పది డిగ్రీలు పడిపోవుట కూడ ఈ పరిశ్రమలో వింత కాదు. ఉష్ణవినిమాయకములలో పట్టు గార వలన పారిశ్రామిక దేశములకు జాతీయోత్పత్తిలో నూటికి పావుపాలు నష్టము కలుగుచున్నదని పరిశోధకులు తరచు చెప్పు అంచనా యొకటి కలదు.

కొలిమి శక్తికిని ఒక హద్దుండును. ఆ హద్దు తాకినచో చమురును తక్కువగా పంపుట తప్ప వేరు దారి లేదు. అప్పటి నష్టము ఇంధనపు ఖర్చుకంటె పెద్దది. గొట్టము ఇరుకగుట వేరొక బాధ. 20 మిల్లీమీటర్ల బోలుగల గొట్టమునకు చుట్టు ఒక్క మిల్లీమీటరు గార పట్టి 18 మిల్లీమీటర్లయినచో, అంతే చమురును త్రోయుటకు పంపు 1.7 రెట్లు ఒత్తిడి పెట్టవలసివచ్చును.

ఇట్టి నష్టమును గూర్చి ఇంజనీర్లు ఊరకున్నారా? లేదు. అమెరికాలోని గొట్టపు వినిమాయకముల తయారీదారుల సంఘమువారు 1941లోనే తమ ప్రమాణ గ్రంథమున ఏ ద్రవమునకు ఎంత గార పట్టునని లెక్కకట్టవలెనో పట్టికలు ప్రకటించిరి. పట్టిక చూచి, గార పట్టును గనుక యంత్రమును ముందే కొంత పెద్దదిగా కట్టుట ఆచారమయ్యెను. పెరుగు పిల్లవానికి వదులుగా చొక్కా కుట్టించుట వంటి ఈ ఉపాయము వినుటకు బాగుగానే యున్నది. కాని దీనివలన నొక చిక్కు వచ్చినది. యంత్రము పెద్దదైనకొలది అందులో చమురు నడక మందగించును. నడక మందగించినచోట మడ్డి సుఖముగా కూర్చుండును. గారకు భయపడి పెద్దదిగా కట్టుట గారను పిలిచి పీటవేయుట యయ్యెను!

1959లో కెర్న్, సీటన్ అను నిద్దరు ఒక సులభమైన భావమును ప్రతిపాదించిరి. గోడమీద ప్రతిక్షణము రెండు పనులు జరుగుచున్నవి. ఒకటి మడ్డి అంటుకొనుట, రెండవది ప్రవాహము దానిని ఊడ్చుకొనిపోవుట. అంటుకొనునదానిలో ఊడునది తీసివేయగా మిగిలినదే గార. సాగరు కుడికాలువ, జవహరు కాలువ, మన మాచర్ల గురజాల ప్రాంతములగుండ పారుచున్నది గదా. నీరు వడిగా పోవుచోట కాలువ అడుగు శుభ్రముగా నుండును. తూముల దగ్గర, పిల్లకాలువల చివర, నీరు నిదానించినచోట ఒండ్రు మేటవేయును. పూడిక తీయుమని రైతులు మొరపెట్టుకొనునది సాధారణముగా ఆ చివరిచోట్ల సంగతియే.

1995లో ఎబర్ట్, పంచల్ అనువారు ముడిచమురు విషయమున ఈ భావమును మరియొక అడుగు ముందుకు నడపిరి. గోడవేడి ఎంత, ప్రవాహపు ఒరపిడి ఎంత అను రెండు సంగతులు చూచి, ఒక గీత గీయవచ్చుననిరి. గీతకు ఒక వైపున గార దాదాపు పట్టనే పట్టదు. రెండవ వైపున పట్టుచునే యుండును. వేడి పెరిగినకొలది గారపట్టు వైపునకు, వడి పెరిగినకొలది పట్టని వైపునకు జరుగుదుము. మొదట మేము జ్ఞాపకముంచుకొనుమన్న మాట ఇదియే. నీటికాగులో సున్నమునకును, చమురుగొట్టములో మడ్డికిని రసాయనమున పోలిక లేదు. వేడిగోడను వలచుటలో మాత్రము రెండును ఒక్కటే. ఈ గీత తెలిసిన తరువాత పద్ధతి మారినది. పెద్దదిగా కట్టుటకు బదులు, చమురు సెకనుకు రెండు మీటర్ల వడికి తగ్గకుండ, గోడ అవసరమునకు మించి కాలకుండ చూచుట మేలని తెలిసినది. గొట్టములలో చుట్టుచుట్టిన తీగలను అమర్చి ప్రవాహమును కలియబెట్టు ఉపాయములును వచ్చినవి. వడి పెంచిన పంపు ఖర్చు పెరుగును. అయినను గార ఖర్చుతో పోల్చిన తరచుగా అదియే తక్కువ.

ఎన్ని చేసినను గార బొత్తిగా పోదు. ఏదో యొకనాడు కడుగక తప్పదు. ఎప్పుడు కడుగవలెను? వెంటవెంట కడిగిన ఆ దినములలో వేడి నష్టము, కూలిఖర్చు. ఆలస్యము చేసిన ఇంధనపు నష్టము, గట్టిపడిన మడ్డి. వరుసలో ఏ పీపాను ముందు కడిగిన ఎక్కువ లాభమో అదియు చూడవలెను. సాధారణముగా వరుస చివరిది, అనగా కొలిమికి దగ్గరది, గోడవేడి ఎక్కువగుటచే త్వరగా మురికిపట్టును. ఆయా చోట్ల ఉష్ణమాపకముల అంకెలను దినదినము వ్రాసికొని, కంప్యూటరుల సాయముతో ఈ లెక్కలు కట్టుచున్నారు. అంకెలు వ్రాయువాడు అశ్రద్ధ చేసినచో కంప్యూటరు ఏమి చేయగలదు?

కడుగు విధము చూడదగినది. పీపా మూతివిప్పి, గొట్టముల మోపును యంత్రముతో బయటికి లాగి, సిమెంటుచేసిన తిన్నెమీద నుంచి, నీటిని భయంకరమైన ఒత్తిడితో సూదివంటి ధారగా కొట్టుదురు. ఆ ధార మడ్డినే కాదు, అజాగ్రత్తగా నున్నచో మనుష్యుని చేతినైనను కోయగలదు. ఇంకొక అపాయము కంటికి కనబడనిది. గొట్టములలోని ఇనుము గంధకముల నల్లనిపొడి చమురులో నున్నంతవరకు సాధువు. మూత తెరచి గాలి తగిలి ఆరినంతనే, ఎవరును నిప్పు పెట్టకయే, తనంత తాను రాజుకొనును. చుట్టునున్న చమురు ఆవిరికి అదియే అగ్గిపుల్ల యగును. అందువలన తెరచినది మొదలు దానిని నీటితో తడుపుచునే యుండవలెను. ఈ పనులు చేయువారిలో కంట్రాక్టరుల క్రింద కొలది దినములకై వచ్చు కూలీలు పెక్కురు. తడుపుట యెందులకో వారికి తెలుగులో విడమరచి చెప్పుట, గోడమీద బోర్డు వ్రేలాడదీయుటకంటె ముఖ్యమని మేము గట్టిగా నమ్ముచున్నాము.

ఈ విషయమున ఇంధనపు లెక్కలకు అందని మూల్యము కూడ కలదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున అనకోర్టిస్ అను ఊరి శుద్ధి కర్మాగారములో 2010 ఏప్రిలు 2వ తేదీ అర్ధరాత్రి దాటిన వేళ ఒక ఉష్ణవినిమాయకము పగిలి, మంటలు లేచి, ఏడుగురు పనివారు మరణించిరి. అది ముడిచమురు వరుసలోనిది కాదు. నాఫ్తాను ఉదజనితో శుద్ధిచేయు విభాగములోనిది. అచ్చట రెండు వరుసలుండెను. గార పట్టుటచే ఒక వరుసను ఆపి, కడిగి, మరల పనిలో పెట్టుచుండిరి. మరల పెట్టునప్పుడు కారుట ఆ చోట తరచు జరుగుచుండెడిది. కారినచోట ఆవిరితో అదుపుచేయుటకు మామూలుకంటె ఎక్కువమందిని పిలిచిరి. పగిలినది కడిగిన వరుస కాదు, దాని ప్రక్కన నిరాఘాటముగా పనిచేయుచున్న రెండవ వరుస. అధికమైన వేడిలో ఉదజని ఏండ్ల తరబడి ఉక్కులోనికి చొరబడి దానిని లోలోపల బీటలు వార్చి యుండెను. దర్యాప్తు చేసిన రసాయన ప్రమాదముల సంఘమువారు 2014లో తమ నివేదికను ప్రకటించిరి. గార పట్టుట, కడుగుట, కారుట అన్నవి నిత్యకృత్యమైపోయి, అపాయకరమైన పనికి అవసరమునకు మించి మనుష్యులు గుమిగూడుటను ఎవరును వింతగా చూడకపోయిరి. ఆ యేడుగురిలో ఆరుగురు సాయము చేయుటకు వచ్చినవారు.

శ్రోతలలో ఒకరైన అడుగదగిన ప్రశ్న యొకటి మిగిలినది. ఇత్తడి కాగులోని గారను చింతపండు పులుసుతో వదలింతుము గదా, ఆ పెద్ద కర్మాగారమున పులుసు వంటిదేమియు పనికిరాదా యని. పులుపునకు కరగునది సున్నము. నల్లని మడ్డి ఆమ్లమును లెక్కచేయదు. దానికి దాని జాతి ద్రవమే కావలెను. బెంజీను, టోలీను కుటుంబమునకు చెందిన పదార్థములు మెండుగాగల తేలికనూనెలను వేడిచేసి గొట్టములలో కొన్ని గంటలు త్రిప్పినచో కొత్త మడ్డి, ఆస్ఫాల్టీను సహా, కరగి వచ్చును. పీపా మూత విప్పనక్కరలేదు, గాలి తగులదు, కూలీ ధారకు ఎదురు నిలువనక్కరలేదు. కాని మాడి బొగ్గయిన పాత గారమీద ఆ నూనెయు పనిచేయదు. అప్పుడు మరల మోపును బయటికి లాగి, తడిపి, నీటిధార కొట్టవలసినదే.